చిన్నపిల్లలతో సిడ్నీకి కాపురం మార్చడం: తిరుపతి, చిత్తూరు కుటుంబాలకు ఒక మార్గదర్శిని

సిడ్నీలో ఉద్యోగం ఖాయమైందన్న మాట వినగానే ఇంటిల్లిపాదీ జీతం ఎంత అని అడుగుతారు, ఆ జీతాన్ని రూపాయల్లోకి మార్చి చూసుకుని సంతోషిస్తారు. అది సహజమే. కానీ అయిదేళ్లలోపు పిల్లలున్న కుటుంబం జీతం కంటే ముందు ఏ వీసా మీద వెళ్తున్నదో తేల్చుకోవాలి. ఒకే జీతం, ఒకే బాడుగ, ఒకే వయసు పిల్లలు ఉన్న రెండు కుటుంబాల్లో ఒకరిది శాశ్వత నివాస వీసా, మరొకరిది తాత్కాలిక ఉద్యోగ వీసా అయితే, నెలాఖరుకు వారి చేతిలో మిగిలే డబ్బులో పదిహేను వందల డాలర్లకు పైగా తేడా రావచ్చు. ఇల్లు ఎక్కడ తీసుకోవాలి, భార్యాభర్తలిద్దరూ ఎప్పటి నుంచి ఉద్యోగం చేయాలి, పిల్లలను ఎప్పుడు తీసుకువెళ్లాలి అన్న ప్రశ్నలన్నిటికీ జవాబు ఆ తేడాను బట్టే మారుతుంది.

వీసాను బట్టి మారే ఖర్చులు

189, 190 తరగతుల వీసాలు శాశ్వత నివాసానికి సంబంధించినవి. వీటి మీద వెళ్లిన కుటుంబం అక్కడ దిగిన వెంటనే ప్రభుత్వ ఆరోగ్య పథకమైన మెడికేర్‌లో పేరు నమోదు చేసుకోవచ్చు. డేకేర్ ఖర్చులో ప్రభుత్వం భరించే చైల్డ్ కేర్ సబ్సిడీకి దరఖాస్తు పెట్టుకోవచ్చు, పిల్లలను తాత్కాలిక నివాసుల రుసుము లేకుండా ప్రభుత్వ పాఠశాలలో చేర్చవచ్చు.

కంపెనీ స్పాన్సర్ చేసే 482 వీసా అలాంటిది కాదు. 2024 డిసెంబరు 7 నుంచి దీనిని స్కిల్స్ ఇన్ డిమాండ్ వీసా అని పిలుస్తున్నారు. దీని మీద జీవిత భాగస్వామి కూడా పూర్తికాలం ఉద్యోగం చేసుకోవచ్చు, అది పెద్ద వెసులుబాటు. అయితే వైద్యసేవల విషయంలో భారతదేశానికి, ఆస్ట్రేలియాకు మధ్య పరస్పర ఒప్పందం లేనందువల్ల ఈ వీసా ఉన్నవారికి మెడికేర్ వర్తించదు. కుటుంబం మొత్తానికి ప్రైవేటు ఆరోగ్య బీమా ఉండటం వీసా షరతుల్లోనే ఒకటి. చైల్డ్ కేర్ సబ్సిడీ కూడా సాధారణంగా రాదు. సిడ్నీ ఉన్న న్యూ సౌత్ వేల్స్ రాష్ట్రంలో కొన్ని తాత్కాలిక వీసాల వారి పిల్లలకు ప్రభుత్వ పాఠశాలలోనూ ఏటా వేల డాలర్ల రుసుము ఉంటుంది కాబట్టి, తమ వీసా తరగతి ఆ జాబితాలో ఉందో లేదో రాష్ట్ర విద్యాశాఖ వెబ్‌సైటులో ముందే చూసుకోవాలి. పెద్ద నగరాలు కాని ప్రాంతాల కోసం ఇచ్చే 491 వీసా వారు సిడ్నీ గురించి ఆలోచించవలసిన పనే లేదు. ఆ వీసా మీద సిడ్నీ, మెల్‌బోర్న్, బ్రిస్బేన్ నగరాల్లో నివసించడానికి వీలు లేదు. సిడ్నీకి రెండు పక్కలా ఉన్న న్యూకాజిల్, వొలాంగాంగ్ నగరాలకు మాత్రం అనుమతి ఉంది.

482 మీద వెళ్లేవారు ఆఫర్ లెటర్ మీద సంతకం చేయకముందే కంపెనీతో మాట్లాడవలసినవి నాలుగున్నాయి: కుటుంబం మొత్తానికి విమాన టికెట్లు, మొదటి నెల బస, ఆరోగ్య బీమా ప్రీమియం, పిల్లల బడి రుసుము. జీతం పెంచమని అడిగితే ఒప్పుకోని కంపెనీలు కూడా ఈ ఖర్చుల్లో ఒకటి రెండు భరించడానికి ఒప్పుకోవచ్చు. సంతకం అయిపోయాక అడగడానికి మన దగ్గర బలం ఉండదు. మెడికేర్ వర్తించని వారి జీతం నుంచి మెడికేర్ లెవీ పేరుతో రెండు శాతం కోత పడకుండా మినహాయింపు పొందే మార్గం ఉంది. మెడికేర్‌కు అర్హత లేదని ధ్రువీకరించే మెడికేర్ ఎంటైటిల్‌మెంట్ స్టేట్‌మెంట్‌కు ఏటా దరఖాస్తు పెట్టి, దానిని పన్ను రిటర్నులో చూపించాలి. ఈ సంగతి తెలియక ఏళ్ల తరబడి లెవీ కట్టే కుటుంబాలు ఉంటాయి.

వారం లెక్క

ఆస్ట్రేలియాలో బాడుగను వారానికి చెబుతారు. మన అలవాటు కొద్దీ దానిని నాలుగుతో గుణించి నెల బాడుగ అనుకుంటే లెక్క తప్పుతుంది. 52తో గుణించి 12తో భాగించాలి. పశ్చిమ సిడ్నీలోని పరమట్టా, వెస్ట్‌మీడ్, వెంట్‌వర్త్‌విల్ ప్రాంతాల్లో రెండు పడకగదుల ఫ్లాటుకు వారానికి సుమారు 600 నుంచి 750 డాలర్ల దాకా అడుగుతారు. 650 అనుకుంటే నెలకు 2,600 కాదు, 2,817 డాలర్లు అవుతుంది. నగరం నడిబొడ్డుకు, సముద్రతీరానికి దగ్గరయ్యే కొద్దీ ఇది వేగంగా పెరుగుతుంది.

రెండో పెద్ద ఖర్చు డేకేర్. చిన్నపిల్లల కుటుంబాలు దీనిని తక్కువగా అంచనా వేస్తుంటాయి. సిడ్నీలో సబ్సిడీ లేకుండా రోజుకు 140 నుంచి 200 డాలర్ల దాకా ఉంటుంది. ఇంత ఖరీదుకు కారణం కేంద్రాల్లో ఉండవలసిన సిబ్బంది సంఖ్యను చట్టమే నిర్ణయించడం. న్యూ సౌత్ వేల్స్‌లో రెండేళ్లలోపు పిల్లలు నలుగురికి ఒకరు, రెండు నుంచి మూడేళ్ల పిల్లలు అయిదుగురికి ఒకరు, మూడేళ్లు దాటిన పిల్లలు పదిమందికి ఒకరు చొప్పున శిక్షణ పొందిన వారు ఉండి తీరాలి. బిడ్డను ఉదయం తొమ్మిదికి దింపి మధ్యాహ్నం మూడింటికి తెచ్చుకున్నా రోజంతటికీ కట్టాలి. జ్వరం వచ్చి ఇంట్లో ఉంచుకున్న రోజుకు కూడా కట్టాలి, చాలా కేంద్రాల్లో ప్రభుత్వ సెలవు రోజుకు సైతం కట్టాలి.

ఇప్పుడు ఒక్క జీతం మీద 482 వీసాతో వెళ్లిన, మూడేళ్ల బిడ్డ ఉన్న ఇంటి లెక్క చూద్దాం. ఏడాదికి 1,10,000 డాలర్ల జీతం అంటే, పన్ను పోగా నెలకు సుమారు 7,000 చేతికి వస్తుంది. బాడుగ 2,817. తల్లి లేదా తండ్రి ఉద్యోగ ప్రయత్నాలకు వీలుగా బిడ్డను వారానికి మూడు రోజులు, రోజుకు 170 డాలర్ల డేకేర్‌లో ఉంచితే నెలకు 2,210. ఈ రెండింటికే 5,000 దాటింది. మిగిలిన రెండు వేల లోపు సొమ్ములో సరుకులు, కరెంటు, ఇంటర్నెట్, రైలు ఖర్చు, ఆరోగ్య బీమా, బిడ్డ బట్టలు సర్దుకోవాలి. సర్దుకోవచ్చు గాని ఊరికి డబ్బు పంపే ఆలోచన మొదటి ఏడాది పెట్టుకోకూడదు. ఇంటి లోనుకు గాని, చెల్లెలి పెళ్లికి గాని నెలనెలా పంపుతామని మాట ఇచ్చి వెళ్లే కుటుంబాలు ఈ లెక్క ముందే వేసుకుంటే ఇరువైపులా మనస్తాపం తప్పుతుంది.

అదే జీతం, శాశ్వత నివాసం ఉన్న ఇంటికి సబ్సిడీ 85 శాతం దగ్గర ఉంటుంది. తక్కువ ఆదాయానికి 90 శాతం వరకు ఇస్తారు, ఆదాయం పెరిగే కొద్దీ తగ్గిస్తారు. గంటకు ఇంత అని ఒక పరిమితి ఉన్నందువల్ల ఆ పరిమితిని దాటిన రుసుము మనమే పెట్టుకోవాలి. అన్నీ పోగా ఆ ఇంటికి రోజుకు 170 డాలర్లు కాస్తా సుమారు 50కి దిగుతుంది. 2026 జనవరి 5 నుంచి అర్హులైన కుటుంబాలకు తల్లిదండ్రుల ఉద్యోగంతో పని లేకుండా రెండు వారాలకు కనీసం 72 గంటల సబ్సిడీ, అంటే వారానికి మూడు రోజులు, వర్తిస్తోంది. ఉద్యోగం వెతుక్కునే తల్లికి ఇది నిజమైన ఆసరా.

ప్రతి వస్తువు ధరను రూపాయల్లోకి మార్చి చూసే అలవాటును మొదటి నెలలోనే వదులుకోవడం మంచిది. అక్కడ సంపాదించి అక్కడ ఖర్చు పెట్టే ఇంటికి ఆ మార్పిడి భయాన్నే పెంచుతుంది తప్ప నిర్ణయానికి పనికిరాదు. ఇక్కడి నుంచి తీసుకువెళ్లే సొమ్ముకు మాత్రం రూపాయల లెక్క అవసరం. బాండ్ (అద్దె ఇంటికి కట్టే ధరావతు), ముందస్తు బాడుగ, నెల రోజుల తాత్కాలిక బస, మంచాలు, ఫ్రిజ్, వాషింగ్ మెషీన్, మూడు నెలల ఖర్చు కలిపి చేతిలో లేకుండా పిల్లలతో బయలుదేరవద్దు. అద్దెకిచ్చే ఇళ్లలో సాధారణంగా పొయ్యి తప్ప సామాను ఉండదు. ఒక ఆర్థిక సంవత్సరంలో బ్యాంకు ద్వారా పది లక్షల రూపాయలకు మించి విదేశానికి పంపితే పై మొత్తం మీద టీసీఎస్ అనే ముందస్తు పన్ను పట్టుకుంటారు. అది మన పాన్ మీదే జమ అవుతుంది కాబట్టి రిటర్ను వేసి తిరిగి రాబట్టుకోవచ్చు. ఎన్నారైగా మారిన తరువాత ఇక్కడి సేవింగ్స్ ఖాతాను ఎన్నారో ఖాతాగా (ఎన్నారైలకు ఇక్కడ ఉండే రూపాయల ఖాతా) మార్పించుకోవడం చట్టప్రకారం తప్పనిసరి.

బయలుదేరే ముందు కాగితాలు

2022 ఏప్రిల్ 4న పాత చిత్తూరు జిల్లా నుంచి తిరుపతి జిల్లా విడిపోయింది. అందువల్ల మన ప్రాంతపు కుటుంబాల్లో పెద్దల పాస్‌పోర్టులో చిత్తూరు జిల్లా అని, పిల్లల కాగితాల్లో తిరుపతి జిల్లా అని ఉండటం మామూలే. దీనికి కంగారు పడనవసరం లేదు. ఇంటిపేరు దగ్గర మాత్రం నిజంగా జాగ్రత్త పడాలి. డిగ్రీ సర్టిఫికెట్‌లో ఇంటిపేరు ఒక్క అక్షరంగా, పాస్‌పోర్టులో పూర్తిగా, బిడ్డ జనన ధ్రువపత్రంలో అసలే లేకుండా ఉండటం మన వైపు సర్వసాధారణం. బడిలో చేర్చేటప్పుడు, సబ్సిడీకి దరఖాస్తు చేసేటప్పుడు బిడ్డ పేరు, తల్లిదండ్రుల పేర్లు ఒకే వర్ణక్రమంలో ఉన్నాయా అని చూస్తారు. జనన ధ్రువపత్రం ఇచ్చిన మునిసిపాలిటీలో గాని పంచాయతీలో గాని ఇక్కడ ఉన్నప్పుడే సరిచేయించుకుంటే ఒక పూట పని. అక్కడి నుంచి చేయించాలంటే ఎవరినో బతిమాలుకోవాలి. పోలీసు క్లియరెన్స్‌కు, పిల్లల పాస్‌పోర్టులకు తిరుపతి పాస్‌పోర్టు సేవా కేంద్రం సరిపోతుంది. వైద్య పరీక్షలు మాత్రం ఆస్ట్రేలియా ప్రభుత్వం గుర్తించిన వైద్యుల దగ్గరే జరగాలి, వారు చెన్నై, బెంగళూరు, హైదరాబాద్ నగరాల్లో ఉన్నారు. రెండు నుంచి పదేళ్ల పిల్లలకు క్షయ పరీక్ష కూడా చేస్తారు కాబట్టి బిడ్డకు జలుబు, జ్వరం లేని సమయం చూసి వెళ్లడం మేలు.

టీకాల కాగితం పిల్లల కుటుంబానికి పాస్‌పోర్టు తరువాత అంతటి ముఖ్యమైన పత్రం. న్యూ సౌత్ వేల్స్‌లో టీకాలన్నీ వేయించుకున్న బిడ్డను గాని, మిగిలినవి వేయించుకునే క్రమంలో ఉన్నట్లు నమోదైన బిడ్డను గాని మాత్రమే డేకేర్‌లో చేర్చుకుంటారు. వైద్య కారణాల వల్ల మినహాయింపు ఉన్నవారి సంగతి వేరు. సబ్సిడీకి కూడా టీకాల షరతు ఉంది. మన తల్లీబిడ్డల కార్డు మీద చేతిరాతతో, సంక్షిప్త పేర్లతో ఉండే వివరాలు అక్కడి వైద్యుడికి అర్థం కావు. బిడ్డకు టీకాలు వేసిన ఆసుపత్రి లేదా ఆరోగ్య కేంద్రం నుంచి ప్రతి టీకా పూర్తి పేరు, వేసిన తేదీ ఇంగ్లిషులో టైపు చేయించి, ముద్ర, సంతకంతో తీసుకోవాలి. అక్కడికి వెళ్లాక ఒక జీపీ (సాధారణ వైద్యుడి) క్లినిక్‌లో ఆ వివరాలను టీకాల జాతీయ చిట్టా అయిన ఆస్ట్రేలియన్ ఇమ్యునైజేషన్ రిజిస్టర్‌లో ఎక్కించుకోవాలి. మన దగ్గర తొమ్మిది నెలలకు వేసే తట్టు టీకాను అక్కడ లెక్కలోకి తీసుకోరు. పన్నెండు నెలలు, పద్దెనిమిది నెలల డోసులే వారి లెక్క. ఆటలమ్మ, మెనింజోకాకల్ టీకాలు మన ప్రభుత్వ కార్యక్రమంలో లేవు, అక్కడ ఉన్నాయి. బిడ్డకు మళ్లీ సూదులు వేస్తున్నారని నొచ్చుకోకుండా ఈ పనిని మొదటి వారంలోనే మొదలుపెట్టాలి, ఎందుకంటే రిజిస్టర్‌లో పేరు పడేదాకా డేకేర్ సీటు చేతికి రాదు.

ముందు ఒకరు వెళ్లడం, ఇల్లు వెతకడం

ఉద్యోగం వచ్చినవారు ముందు వెళ్లి, ఇల్లు, డేకేర్ కుదిరాక రెండు మూడు నెలలకు మిగిలినవారు రావడమే మంచిదని నా గట్టి అభిప్రాయం. కుటుంబం విడిపోయి ఉండటం బాధగానే ఉంటుంది, ముఖ్యంగా రాత్రిపూట నాన్న కోసం ఏడ్చే పిల్లలున్న ఇంట్లో. అయినా సర్వీస్ అపార్ట్‌మెంటులో నలుగురు ఒకే గదిలో ఉంటూ, జెట్‌లాగ్‌తో నిద్ర పట్టని పిల్లలను ఎత్తుకుని శనివారాల్లో ఇళ్లు చూస్తూ తిరగడం కంటే అది మేలు. ఆ నెలల్లో పిల్లలు తమకు అలవాటైన ఇంట్లో, అవ్వాతాతల దగ్గర ఉంటారు.

సిడ్నీలో ఖాళీ ఇల్లు చూడటానికి ఏజెంటు పదిహేను నిమిషాల సమయం ఇస్తాడు. ఆ సమయంలోనే పదిమందికి పైగా వచ్చి చూస్తారు, నచ్చిన వారంతా ఆన్‌లైన్‌లో దరఖాస్తు పెడతారు, యజమాని అందులో ఒకరిని ఎంచుకుంటాడు. అక్కడ మనకు బాడుగ చరిత్ర లేకపోవడం పెద్ద అడ్డంకి. ఉద్యోగ ఒప్పందం, బ్యాంకు ఖాతా వివరాలు, తిరుపతిలోనో బెంగళూరులోనో ఉన్న పాత ఇంటి యజమాని ఇచ్చిన ఇంగ్లిషు లేఖ, కుటుంబాన్ని పరిచయం చేసే అరపేజీ లేఖ సిద్ధంగా ఉంచుకుని, ఇల్లు చూసిన గంటలోపు దరఖాస్తు పంపాలి. చట్టం బాడుగదారుకు మంచి రక్షణ ఇస్తుంది. బాండ్ నాలుగు వారాల బాడుగకు మించకూడదు, ముందస్తు బాడుగ రెండు వారాలకు మించి అడగకూడదు. 650 డాలర్ల ఇంటికి ఈ రెండూ కలిపి 3,900 అవుతుంది. బాండ్ సొమ్ము యజమాని జేబులో ఉండదు, రాష్ట్ర ప్రభుత్వ సంస్థ దగ్గర జమ అవుతుంది. రెంటల్ బాండ్స్ ఆన్‌లైన్ ద్వారా మనమే కట్టవచ్చు. 2024 అక్టోబరు 31 నుంచి ఏడాదికి ఒకసారికి మించి బాడుగ పెంచడానికి వీలు లేదు. 2025 మే 19 నుంచి కారణం చూపకుండా ఖాళీ చేయించడానికీ వీలు లేదు. ఇల్లు కంటితో చూడకుండా, ఇక్కడి నుంచే ఎవరికీ బాండ్ పంపవద్దు. తాళాలు కొరియర్‌లో పంపుతామనే వారు మోసగాళ్లే.

ఇల్లు ఏ స్థితిలో ఉందో రాసే కండిషన్ రిపోర్టును ఇంట్లో చేరిన రోజున ఇస్తారు, దానిని ఏడు రోజుల్లోగా నింపి తిరిగి ఇవ్వాలి. గోడ మీద గీత, తివాచీ మీద మరక, కిటికీ తెర చిరుగు ఏది కనిపించినా రాసి, ఫోటో తీసి పెట్టుకోవాలి. పిల్లలున్న ఇంట్లో గోడల మీద కొత్త గీతలు ఎలాగూ పడతాయి కాబట్టి పాత గీతలు మన ఖాతాలో పడకుండా చూసుకోవడం అవసరం.

ఏ పేట అన్న ప్రశ్నకు చాలామంది తెలుగువారు ఎక్కడున్నారని చూసి జవాబు చెబుతారు. వెంట్‌వర్త్‌విల్, వెస్ట్‌మీడ్, పెండిల్ హిల్, టూంగాబీ, స్కోఫీల్డ్స్, ద పాండ్స్ ప్రాంతాల్లో మనవారు కనిపిస్తారు. హారిస్ పార్క్‌లో భారతీయ దుకాణాలు, భోజనశాలలు వరుసగా ఉంటాయి. ఇది మంచిదే గాని, ముందు డేకేర్ సీటు ఎక్కడ దొరుకుతుందో, అక్కడి నుంచి ఆఫీసుకు రైలు ఎంతసేపు పడుతుందో చూసి తరువాత ఇల్లు చూడాలి. పరమట్టా నుంచి సిటీకి వేగం రైలులో అరగంట. స్కోఫీల్డ్స్ నుంచి గంటకు దగ్గర. డేకేర్ సాయంత్రం ఆరింటికి మూసివేస్తుంది, ఆలస్యమైతే నిమిషాల లెక్కన జరిమానా వేసే కేంద్రాలు ఉన్నాయి. వారానికి అరవై డాలర్లు ఆదా అవుతుందని దూరంగా ఇల్లు తీసుకుని, తల్లిదండ్రుల్లో ఒకరు రోజూ నాలుగున్నరకే ఆఫీసు నుంచి పరుగెత్తవలసి వస్తే ఆ ఆదా ఎక్కువకాలం నిలవదు. అడిలైడ్ వంటి నగరాల్లో, ఇప్పటికి మెల్‌బోర్న్‌లో కూడా, బాడుగ సిడ్నీ కంటే తక్కువ. కంపెనీ ఎంచుకునే అవకాశం ఇస్తే ఒంటి జీతం మీద వెళ్లే కుటుంబం ఆ అవకాశాన్ని తీసుకోవడమే వివేకం.

డేకేర్, బడి

డేకేర్‌లో పేరు నమోదు వెయిటింగ్ లిస్టుతో మొదలవుతుంది. తిరుపతిలో కూర్చునే అయిదారు కేంద్రాలకు ఆన్‌లైన్‌లో పేరు ఇవ్వవచ్చు, ఇవ్వాలి కూడా. వారంలో మంగళ, బుధ, గురువారాలకు గిరాకీ ఎక్కువ కాబట్టి సోమ, శుక్రవారాలు అడిగితే త్వరగా సీటు దొరికే అవకాశం ఉంటుంది.

చేరిన మొదటి నాలుగైదు నెలలు బిడ్డకు జలుబు, దగ్గు, వాంతులు వరుసగా వస్తూనే ఉంటాయి. జ్వరం కనిపిస్తే కేంద్రం ఫోన్ చేసి వెంటనే తీసుకుపొమ్మంటుంది, పూర్తిగా తగ్గేదాకా రానివ్వదు. శాశ్వత ఉద్యోగులకు ఏడాదికి పది రోజులు జీతంతో కూడిన పర్సనల్ సెలవు ఉంటుంది, అది బిడ్డ జబ్బుకు కూడా వర్తిస్తుంది. మొదటి ఏడాది ఆ పది రోజులనూ బిడ్డ కోసమే దాచుకోవాలి. అర్ధరాత్రి జ్వరానికి ఆసుపత్రికి పరుగెత్తాలా వద్దా తెలియనప్పుడు 1800 022 222 నంబరుకు ఫోన్ చేస్తే నర్సు సలహా ఇస్తారు. ప్రాణాపాయమైతే 000. న్యూ సౌత్ వేల్స్‌లో అంబులెన్సు ఖర్చు మెడికేర్ పరిధిలోకి రాదు కాబట్టి శాశ్వత నివాసం ఉన్నవారు కూడా అంబులెన్సు బీమా విడిగా తీసుకోవాలి.

బిడ్డ భోజనం డబ్బా విషయంలో మన ప్రాంతపు తల్లులు ప్రత్యేకంగా గుర్తుంచుకోవలసిన సంగతి ఒకటుంది. వేరుశనగ అలర్జీ ప్రాణాంతకం కావచ్చు కాబట్టి డేకేర్లలో, చాలా బడుల్లో వేరుశనగ, జీడిపప్పు, బాదం వంటివి తీసుకురానివ్వరు. ఇడ్లీకి చెనక్కాయల చట్నీ, అన్నంలోకి ఊరుబిండి, వేరుశనగ పొడి చల్లిన కూర లేని పూట చిత్తూరు ఇళ్లలో అరుదు. ఇవి ఇంట్లో తినడానికే. డబ్బాలోకి పప్పన్నం, పెరుగన్నం, టమాటా చట్నీ, నెయ్యి దోసె పంపవచ్చు. వెళ్లడానికి రెండు నెలల ముందు నుంచే బిడ్డకు తన చేత్తో తాను తినడం, మరుగుదొడ్డి అవసరం మాటల్లో చెప్పడం, చల్లని భోజనం తినడం అలవాటు చేయాలి. అక్కడ టీచరు ముద్దలు కలిపి తినిపించరు.

బడి సంవత్సరం జనవరి చివరలో మొదలై డిసెంబరులో ముగుస్తుంది. ఆ సంవత్సరం జూలై 31 లోపు అయిదేళ్లు నిండే బిడ్డ బడిలోని మొదటి తరగతి అయిన కిండర్‌గార్టెన్‌లో చేరవచ్చు, ఆరేళ్లు నిండేసరికి బడిలో ఉండి తీరాలి. జూన్‌లో ఇక్కడ ఒకటో తరగతికి ఫీజు కట్టి ఆగస్టులో బయలుదేరే కుటుంబాలు ఆ సొమ్ము వృథా చేసుకుంటున్నాయి. వీలైతే జనవరి మొదటి వారంలో చేరుకునేలా ప్రయాణం పెట్టుకోవాలి. ప్రభుత్వ పాఠశాలలో సీటు మన చిరునామాను బట్టి దక్కుతుంది. అద్దె ఒప్పందమే దానికి రుజువు. ఆ బడులు బాగుంటాయి, ప్రైవేటు బడికి ఏటా వేలకు వేలు పోయవలసిన అవసరం చిన్నపిల్లలకు లేదని నా నమ్మకం. తొమ్మిది నుంచి మూడు వరకే బడి ఉంటుంది కాబట్టి ఉద్యోగస్తులైన తల్లిదండ్రులు బడి ముందు, తరువాత సంరక్షణకు కూడా పేరు ఇవ్వాలి. ఎండలోని అతినీలలోహిత కిరణాలు తీవ్రమైనవి గనుక టోపీ లేని బిడ్డను ఆటకు పంపరు.

పెట్టెలు సర్దేటప్పుడు

పెట్టెల నిండా సరుకులు మోసుకుపోవడం మన అలవాటు. ఆస్ట్రేలియాకు అది కుదరదు. ఖప్రా అనే ధాన్యపు పురుగు తమ దేశంలోకి రాకుండా ఉండటానికి బియ్యం, కందిపప్పు, పెసలు, శనగలు, జీలకర్ర, ధనియాలు, ఎండుమిరపకాయలు, వేరుశనగ గింజలు ప్రయాణికుల సామానులో తీసుకురావడాన్ని నిషేధించారు. పూజలో వాడే అక్షింతలు కూడా బియ్యమే. కరివేపాకు, పండ్లు, విత్తనాలు అసలు కుదరవు. పాలతో, నెయ్యితో చేసిన మిఠాయిలకు ఆంక్షలు ఉన్నాయి. తిరుమల లడ్డూ తీసుకువెళ్లాలనిపించడం సహజం, తీసుకువెళ్తే ప్రయాణికుల కార్డులో తప్పకుండా రాయాలి, అధికారి తీసేసుకుంటే వాదించకుండా ఇచ్చేయాలి. రాసి చూపించిన వస్తువుకు జరిమానా ఉండదు. దాచితే వేల డాలర్ల జరిమానా పడవచ్చు, తాత్కాలిక వీసా రద్దు కూడా కావచ్చు. ఎర్రచందనం బొమ్మలు పెట్టెలో పెట్టుకోవద్దు. ఎర్రచందనం అంతర్జాతీయ రక్షణ జాబితాలో ఉన్న చెట్టు, ఇక్కడి విమానాశ్రయంలోనే చిక్కు వస్తుంది. సోనామసూరి బియ్యం మొదలు గోంగూర పచ్చడి దాకా పశ్చిమ సిడ్నీ దుకాణాల్లో దొరుకుతాయి.

ప్రెషర్ కుక్కర్, ఇడ్లీ పాత్ర, మిక్సీ, చిన్న వెట్ గ్రైండర్ నిరభ్యంతరంగా తీసుకువెళ్లవచ్చు, కరెంటు మన లాగే 230 వోల్టులు, ప్లగ్గు మాత్రమే వేరు. తాలింపు పొగకు ఇంట్లోని అలారం మోగుతుంది. అప్పుడు ఫ్లాటు ముందు తలుపు తెరవకుండా కిటికీలు, బాల్కనీ తలుపు తెరవాలి. పొగ వరండాలోకి వెళ్లి భవనం అలారం మోగితే ఫైరింజను వస్తుంది, అనవసరంగా వచ్చినందుకు వెయ్యి డాలర్లకు మించిన బిల్లు పడుతుంది.

చెన్నై నుంచి సింగపూర్ లేదా కౌలాలంపూర్ మీదుగా వెళ్లవచ్చు. బెంగళూరు నుంచి సిడ్నీకి నేరుగా విమానం ఉంది. చిన్నపిల్లలతో విమానం మారడం కష్టం కాబట్టి తిరుపతి వారికి చెన్నై దగ్గరైనా బెంగళూరు ఎంచుకోవడంలో అర్థం ఉంది. అక్కడ దిగాక కారులో బిడ్డను ఒడిలో కూర్చోబెట్టుకునే వీలు లేదు. ఏడేళ్లలోపు పిల్లలకు వయసుకు తగిన సీటు చట్టప్రకారం ఉండాలి, విమానాశ్రయం నుంచి వచ్చే కారును ఆ సీటుతోనే బుక్ చేసుకోవాలి. తాత్కాలిక వీసా వారు ఆరు నెలల్లో, శాశ్వత నివాసులు మూడు నెలల్లో న్యూ సౌత్ వేల్స్ లైసెన్సు తీసుకోవాలి. మనవారు రాతపరీక్ష, డ్రైవింగ్ పరీక్ష రెండూ రాసి నెగ్గాలి.

అవ్వాతాతలు వచ్చేటప్పుడు

డేకేర్ ఖర్చు చూసిన తరువాత ప్రతి ఇంట్లోనూ వచ్చే ఆలోచన, అమ్మావాళ్లను పిలిపించుకుందామని. 600 తరగతి సందర్శకుల వీసా మీద మూడు, ఆరు, ఒక్కొక్కప్పుడు పన్నెండు నెలలు ఉండవచ్చు. ఆ వీసా మీద అక్కడ ఉండగానే పొడిగింపు కోరరాదనే షరతు ఉండవచ్చు కాబట్టి వీసా మంజూరు లేఖలో షరతుల గడి జాగ్రత్తగా చదవాలి. వారు రావడం పిల్లలకు భాష నిలబెడుతుంది, తల్లికి ఊపిరి పీల్చుకునే తీరిక ఇస్తుంది. అయితే వారిని డేకేర్‌కు బదులుగా లెక్కవేయడం నాకు సమ్మతం కాదు. తిరుపతిలో పొద్దున్నే నడిచి వచ్చి, కూరగాయలవాడితో, గుడిలో పదిమందితో మాట్లాడే మనిషి అక్కడ పగలంతా మూసిన తలుపుల మధ్య ఒక పసిబిడ్డతో ఉండాలి. మోకాళ్ల నొప్పులున్న అవ్వ రెండేళ్ల పిల్లవాడి వెంట ఎనిమిది గంటలు తిరగలేదు. బిడ్డను వారానికి రెండు రోజులైనా డేకేర్‌లోనే ఉంచి, మిగిలిన రోజులు వారి దగ్గర ఉంచితే ఇద్దరికీ సుఖం. బస్సు స్టాపు, పార్కు, సరుకుల దుకాణం నడిచి వెళ్లేంత దగ్గరలో ఇల్లు తీసుకోవడానికి ఇది ఇంకొక కారణం. నెలకొకసారి వారిని హెలెన్స్‌బర్గ్‌లోని శ్రీ వేంకటేశ్వర ఆలయానికి తీసుకువెళ్లాలి. నగరానికి దక్షిణాన, అడవి అంచున ఉన్న ఆ ఆలయం 1985 నుంచి ఉంది.

వారికి మెడికేర్ ఉండదు, ఆసుపత్రిలో ఒక రోజుకు వేల డాలర్లు అవుతుంది. బయలుదేరే రోజు నుంచి అమలయ్యేలా సందర్శకుల ఆరోగ్య బీమా తీసుకోవాలి, ముందు నుంచి ఉన్న బీపీ, షుగరు, గుండె జబ్బుల గురించి పాలసీలో ఏమి రాసి ఉందో చదివి తీసుకోవాలి. మూడు నెలలకు సరిపడే మందులు, డాక్టరు ఇంగ్లిషులో రాసిన లేఖతో, అసలు ప్యాకెట్లలోనే తెచ్చుకోవాలి. జూన్ నుంచి ఆగస్టు వరకు చలికాలం. పశ్చిమ సిడ్నీలో తెల్లవారుజామున అయిదారు డిగ్రీలకు దిగుతుంది, ఇళ్లు వెచ్చగా ఉండవు. ఎండ కూడా తక్కువ కాదు, 2020 జనవరి 4న పశ్చిమ సిడ్నీలోనే ఉన్న పెన్‌రిత్‌లో 48.9 డిగ్రీలు నమోదైంది. ఈ రెండూ తప్పించుకోవాలంటే పెద్దలు సెప్టెంబరు మొదట్లో వచ్చి డిసెంబరు మొదట్లో తిరిగివెళ్లేలా టికెట్లు తీయడం మంచిది.